వెనక సీటు

కంటి ఆపరేషన్ చేసిన డాక్టరు నెల రోజులపాటు మూడు పనులు వద్దన్నాడు. వంగకూడదు, ఘాటు వాసనలు పీల్చకూడదు, సన్నపని పెట్టుకోకూడదు. ఈ మూడూ కలిపితే విమానం బొమ్మ తయారవుతుందని డాక్టరుకి తెలీదు. యుద్ధవిమానాల దగ్గర పాతికేళ్ళు పనిచేసి రిటైరైన మెకానిక్‌కి తెలుసు. ఆయన భార్యకి ఇంకా బాగా తెలుసు.

పదిహేనో రోజున పథకం మొదలైంది.

"వెలుతురు పడటం లేదోయ్. మధ్యాహ్నాలు వెనక గదిలో పడుకుంటా."

"తలుపేసుకునా?"

"వెలుతురు రాకూడదు కదా మరి."

"సరే, వేసుకోండి," అంది ఆవిడ.

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అనుమానపడాల్సింది. సంతోషపడ్డాడు.

అసలు గొడవంతా ఒక ఫోన్‌తో వచ్చింది. పాత స్నేహితుడు, ఒకప్పటి స్టోర్స్ కీపరు. దేన్నయినా కొలిస్తేగానీ నమ్మడు కాబట్టి అందరూ కొలబద్ద అనేవారు.

"నువ్వు చెప్పే ఆ రెండు సీట్ల విమానం మన బేస్‌కి ఎప్పుడొచ్చిందిరా? నా రిజిస్టర్లో లేదు."

"నువ్వు చేరకముందు వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద ఐదే తయారయ్యాయి. ఒకటి మన దగ్గర ఎనిమిది నెలలుంది. దాని సీట్లమీది అద్దం మూత నేనే బిగించేవాణ్ణి."

"ఫొటో ఉందా?"

"బేస్‌లో కెమెరా తెస్తే ఉద్యోగం ఊడేది కదరా."

"అయితే కలగన్నావు."

జీవితంలో అంత మంచి ఎనిమిది నెలలు మళ్ళీ రాలేదు మెకానిక్‌కి. వాటిని కల అంటే ఎలా ఊరుకుంటాడు? ఆదివారం పాత మిత్రులు ముగ్గురూ ఇంటికొస్తున్నారు. ఈలోగా ఆ విమానాన్ని రివెట్టుతో సహా కళ్ళముందు పెట్టాలనుకున్నాడు.

బజార్లో దొరికిన బొమ్మ పెట్టెలో ఉన్నది ఒంటి సీటు విమానం. దాన్ని నడుం దగ్గర కోసి, పొడవు పెంచి, రెండో సీటు ఇరికించాడు. సీట్ల మీద పొడుగాటి అద్దం మూత కావాలి. టూత్‌బ్రష్ పెట్టెల మీదుండే పల్చటి ప్లాస్టిక్ పనికొస్తుందని తోచింది. వేడి చేసి వంచబోతే ఐదు మాడిపోయాయి. ఆరోది కుదిరింది.

"ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఆరు బ్రష్షులు ఎవరికండీ?"

"తరచూ మార్చాలట. పేపర్లో రాశారు."

"రంగు వాసనొస్తోందేమిటి?"

"పక్కింటివాళ్ళు గేటుకి వేయిస్తున్నారు."

ఆవిడ కిటికీలోంచి చూసింది. పక్కింటికి గేటే లేదు.

అన్నీ కుదిరాయిగానీ రంగు కుదరలేదు. బేస్‌లో విమానాలన్నీ ఆకుపచ్చవి. అదొక్కటే బూడిద రంగు, అందులో ఏదో నీలం జాడ. ఏడుసార్లు కలిపాడు. ఏడుసార్లూ గోడకేసే సున్నంలాగే వచ్చింది. రోజూ సాయంత్రం విసుగ్గా విమానాన్ని కుట్టుమిషను పక్కన పెట్టి, మిషను గుడ్డ దానిమీదకి కూడా లాగి బయటికొచ్చేవాడు.

శుక్రవారం కొంప మునిగింది. చక్రాలంటిస్తుంటే జిగురు కారి విమానం అరచేతికి అతుక్కుపోయింది. అదే నిమిషంలో తలుపు చప్పుడైంది. "కంటి చుక్కల టైమైంది."

మంచమెక్కి దుప్పటి లాక్కున్నాడు.

"చేతులు బయటపెట్టి పైకి చూడండి."

"చుక్కలు చేతుల్లో వెయ్యవు కదా."

ఆవిడ చుక్కలు వేసి, సీసా మూత బిగించి, దుప్పటికేసి చూసింది. "అదేమిటి, అంతెత్తున లేచింది?"

"మోకాలు."

"మోకాలికి చక్రాలెప్పుడొచ్చాయి?"

దుప్పటి అంచున బుల్లి చక్రం బయటికి చూస్తోంది.

అరగంటసేపు గోరువెచ్చటి సబ్బునీళ్ళలో చెయ్యి నానబెట్టించింది ఆవిడ. తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టకపోయేసరికి ఇంకా భయమేసింది. చివరికి విమానాన్ని వెలుతురులోకి ఎత్తి చూసి అంది.

"రంగు తప్పు."

"నీకేం తెలుసే?"

ఆవిడ మిషను గుడ్డ తిరగేసింది. అది ఒకప్పటి ఆయన డ్యూటీ చొక్కా. చొక్కా చిరిగాక విప్పి మిషనుకి తొడుగు కుట్టింది. మోచేతి దగ్గర అరచెయ్యంత మరక. బూడిద రంగు, నీలం జాడ.

"తడి రంగుమీద ఆనుకుని వచ్చారుగా ఓరోజు. పదకొండుసార్లు ఉతికాను, పోలేదు. నాలుగు రోజులుగా దీనికిందే దాస్తున్నారు విమానాన్ని."

మెకానిక్ మరకని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"క్వార్టర్స్ డాబామీద బట్టలారేస్తూ దిగే విమానాల్ని రోజూ చూసేదాన్ని. ఒక తల కనబడితే మామూలుది. రెండు తలలుంటే మీది. అది దిగితే గంటలో ఇంటికొస్తారని స్టవ్ వెలిగించేదాన్ని."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడడిగారు? ఆ ఆరో బ్రష్షు పెట్టె కూడా మీ దిండు పక్కన నేనే పెట్టా. ఇంక కళ్ళు మూసుకు పడుకోండి. మిగతాది నేను చేస్తాను."

ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టిన చెయ్యి. వణుకు లేదు. ఆయన పడుకుని సలహాలిచ్చాడు. ఆవిడ ఒక్కటీ వినలేదు. శనివారానికి విమానం సరిగ్గా ఆనాటిలా తయారైంది.

ఆదివారం కొలబద్ద భూతద్దంతో, నిజంగానే ఒక స్కేలుతో దిగాడు. ముక్కు కొలిచాడు, తోక కొలిచాడు. "బొమ్మ బాగుంది. బొమ్మ సాక్ష్యం కాదురా," అన్నాడు.

ఆవిడ టీ కప్పుల పక్కన మిషను గుడ్డ పరిచింది. "ఈ రంగు మీ స్టోర్స్‌లో ఉండేదా అన్నయ్యా?"

కొలబద్ద మరకని వేలితో తడిమి చాలాసేపు చూశాడు. "లేదు చెల్లెమ్మా. నా రిజిస్టర్లో ఈ రంగే లేదు."

"ఆ విమానం తన రంగు డబ్బా తనే తెచ్చుకుంది. వెళ్తూ పట్టుకెళ్ళింది," అంది ఆవిడ.

కొలబద్ద స్కేలు జేబులో పెట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. మెకానిక్ కళ్ళు తడిశాయి. ఆపరేషన్ వల్లేనన్నాడు.

కొలబద్ద మాత్రం భూతద్దం వదల్లేదు. "ఒరేయ్, వెనక సీట్లో కూర్చున్నవాడికి కొప్పుందిరా."

మెకానిక్ వంగి చూశాడు. ముందు సీట్లో మనిషి పెట్టెలో వచ్చినవాడే. వెనక సీట్లో నల్లదారం ముడి, దాని కింద గుండుసూది తల. తలెత్తి చూస్తే ఆవిడ కప్పులు సర్దుకుంటోంది.

"ఇలాంటివి ఐదే అన్నావుగా?" అన్నాడు కొలబద్ద.

"ఐదే. ఇది ఆరోది."

"వంగొద్దన్నానా?" అంది ఆవిడ, చుక్కల సీసా మూత తీస్తూ. "టైమైంది. పైకి చూడండి."

ఆయన పైకి చూశాడు.