డిక్కీలో మాస్టారు

సూర్యప్రకాష్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు వెనక లైట్ల దగ్గర నీళ్ళు దిగకుండా ఏదో ఒకటి చేయాలి. మర్నాడు పొద్దున్నే భావనపాడు వెళ్ళి తండ్రి అస్థికలు సముద్రంలో కలపాలి. రెండూ మనుషులు చేయగలిగిన పనులే. కాకపోతే అతను ఏ పనికి పూనుకున్నా ఏదో ఒక వంక వచ్చి తీరుతుందని టెక్కలిలో పేరుంది. ఆ పేరు ఊరంతా చాటినవాడు బయటివాడేం కాదు, ప్రస్తుతం డిక్కీలో, కుండలో ఉన్న కూర్మనాథం మాస్టారే.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. కొడుకు తెచ్చిన వంకాయల దగ్గర్నుంచి, తెచ్చుకున్న గుమాస్తా ఉద్యోగం దాకా అన్నిటికీ మార్కులు వేసేవాడు. పదికి నాలుగు దాటి ఎప్పుడూ వేసిన పాపాన పోలేదు. కిడ్నీలు చెడ్డాక ఈ పాత కారులోనే కొడుకు ఆయన్ని పలాసకు డయాలసిస్‌కు తిప్పేవాడు. వాన పడితే లైట్ల చుట్టూ ఎండి పగిలిన రబ్బరులోంచి నీళ్ళు దిగి, డిక్కీలో ఉన్న ఆయన దుప్పటీ దిండూ తడిసిపోయేవి. "ఆ రబ్బరు మార్పించరా" అనేవాడు మాస్టారు. "రేపు సేయిత్తాను నాన్నా" అనేవాడు కొడుకు. తడి దిండు మీద తల పెట్టుకుని మాస్టారు ఆ రేపు కోసం ఎదురుచూశాడు, అది రాకుండానే పోయాడు.

అస్థికల కుండ గడప దాటి లోపలికి రాకూడదు, బయట చెట్టుకు కట్టాలి. ఆ అద్దె ఇంటి పెరట్లో ఉన్నది ఒకే ఒక్క కొబ్బరిచెట్టు. అది ఇంటి యజమానురాలు ధనమ్మది. "మాస్టారంటే నాకు గౌరవమే బాబూ. కానీ ఆ సెట్టు కాయలు మేం తినాల గదా" అందామె. దాంతో కుండ మూతికి గుడ్డ కట్టి డిక్కీలో, ఎడమ లైటుకు ఆనుకుని ఉన్న మూలన, ఒరిగిపోకుండా చుట్టూ పాతబట్టలు కుక్కి పెట్టారు. డిక్కీ ఇల్లు కాదు కనుక శాస్త్రానికి అభ్యంతరం లేదు. తొమ్మిదో రోజు తెల్లారేసరికి వాయుగుండం వాన పడి, ఆ బట్టలు తడిసి ముద్దయ్యాయి.

"పోనాక కూడా మావని తడిపేత్తన్నారు" అంది అతని భార్య గౌరి. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట అతనికి ఎక్కువ తగిలింది.

ఆ పాత మోడలుకు రబ్బరు తెప్పించాలంటే వారం పడుతుందన్నాడు మెకానిక్కు. సరిగ్గా అప్పుడే గౌరి అన్న లోకనాథ్ పలాస నుంచి దిగాడు. అతను జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. జీడిపిక్క వల్ల కాని పని లోకంలో లేదని నమ్మే మనిషి.

"రబ్బరెందుకు బావా? పిక్కల తొక్కల్లోంచి తీసిన నల్ల నూని ఉంది మా కాడ. గుగ్గిలం కలిపి కాసి పూత్తే పడవల్లోకే నీరు దిగదు. నీ కారెంత?"

"ఆ జీడి అంటుకుంటే సేతులు పొక్కిపోవా?"

"ముందల కొబ్బరినూని రాసుకుంటే ఏటీ అవదు. నా సేతులు సూడు."

సూర్యప్రకాష్ చూశాడు. ఏళ్ళ తరబడి జీడిలో నానిన ఆ చేతుల మీద పొక్కడానికి చర్మమంటూ పెద్దగా మిగల్లేదన్న సంగతి అతనికి తోచలేదు.

లోకనాథ్ డబ్బా తెప్పించి, కాచి, తనే పూస్తానన్నాడు. సూర్యప్రకాష్ కుంచె వదల్లేదు. "ఈ ఒక్క పనీ నాను సేత్తాను బావా" అన్నాడు. టార్పాలిన్ కింద కూర్చుని, రెండు లైట్ల చుట్టూ ఎక్కడా సందు వదలకుండా పూత పెట్టాడు. మధ్యలో దోమ వాలితే మొహం తుడుచుకున్నాడు. మరో దోమకు మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఇంకా మిగిలింది గదా, డిక్కీ మూత అంచుక్కూడా ఒక పూత ఎయ్యి. అక్కణ్ణుంచి మాత్రం నీరు రాదేటి?" అన్నాడు లోకనాథ్. సూర్యప్రకాష్ మూత అంచు పొడవునా పూసి, మూత వేశాడు. "పొద్దుట దాకా తియ్యకు బావా. గట్టిపడిపోద్ది." లోకనాథ్ చెప్పినవాటిలో అక్షరాలా నిజమైన మాట అదే.

సాయంత్రానికి సూర్యప్రకాష్ కళ్ళు మూసుకుపోయాయి. బుగ్గలు ఉబ్బి, పెదవులు తిరగబడ్డాయి. కొబ్బరినూనె రాసుకున్న చేతులూ పొక్కాయి. పరామర్శకొచ్చిన ఆఫీసు సూపరింటెండెంటు మురళీమోహన్ అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "తండ్రి కోసం ఇంతలాగ ఏడిసిన కొడుకుని నానింతవరకూ సూడలేదు" అన్నాడు.

"ఏడుపు కాదు సార్. జీడి."

"దాసుకోకు. ఏడవడంలో సిగ్గేటి?"

వచ్చినవాళ్ళంతా అదే మాట అన్నారు. ధనమ్మ తన కొడుకులిద్దర్నీ పిలిచి, చూసి నేర్చుకోమంది. సూర్యప్రకాష్ తల దించుకున్నాడు. నిజానికి తండ్రి పోయిన క్షణం నుంచి అతని కంట చుక్క నీరు రాలేదు. ఆసుపత్రిలో రాలేదు, శ్మశానంలోనూ రాలేదు. ఎందుకు రాలేదో తెలియక లోలోపల భయపడుతూనే ఉన్నాడు. ఇప్పుడు జీడి పుణ్యాన ఊరు ఊరంతా మెచ్చుకుంటుంటే అతనికి ప్రాణం చచ్చిపోయింది.

మర్నాడు పురోహితుడు శరత్ చంద్రను ఎక్కించుకుని నలుగురూ బయల్దేరారు. కళ్ళు సరిగా తెరుచుకోని బావ బదులు లోకనాథ్ తోలాడు. నౌపడా ఉప్పుమళ్ళు దాటి తీరం చేరేసరికి మబ్బు కమ్ముకుని ఉంది. సూర్యప్రకాష్ డిక్కీకి తాళంచెవి పెట్టి తిప్పాడు. తాళం తిరిగింది. మూత కదల్లేదు. ఇద్దరూ పట్టుకుని లాగారు. కారంతా ఊగింది గానీ మూత ఊడలేదు.

"రాడ్డుతో లేపుదాం" అన్నాడు లోకనాథ్.

"రాడ్డు డిక్కీలో ఉంది."

"స్పానర్లు?"

"అయీ అందులోనే."

వెనక సీటు పీకి చూశారు. దాని వెనక ఇనపరేకు అడ్డంగా ఉంది. పదకొండు దాటితే వర్జ్యమని శరత్ చంద్ర గుర్తుచేశాడు. కాసేపు ఆలోచించి, "కుండకి సముద్రస్పర్శ కావాలి, అంతే కదా. ఆ లైట్ల దగ్గర నీళ్ళు దిగుతాయని మాస్టారే నాతో ఎన్నోసార్లు అన్నారు. కారు వెనక్కి పోనివ్వండి, దిగనివ్వండి" అన్నాడు.

ఇంతకన్నా మంచి ఆలోచన ఎవరికీ తట్టలేదు. లోకనాథ్ కారును వెనక్కి నడిపి తోక అలల్లో పెట్టాడు. అల వచ్చి లైట్లను ముంచి పోయింది. ఇంకోటి వచ్చింది. శరత్ చంద్ర మంత్రం ఎత్తుకున్నాడు. సూర్యప్రకాష్ లోపలికి దూరి ఇనపరేకుకు చెవి ఆనించాడు. చప్పుడు లేదు. రేకు సందులో వేలు పెట్టి తడిమాడు. పొడిగా ఉంది.

"సెప్పేనా బావా, సుక్క దిగదని" అన్నాడు లోకనాథ్. పరిస్థితి మరిచిపోయి నిజంగానే సంతోషించాడు.

సూర్యప్రకాష్ తన పొడి వేలు చూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ వంకా లేకుండా అతను చేసిన మొదటి పని అది. మాస్టారు ఉంటే పదికి పదీ వేయక తప్పేది కాదు. వేయవలసిన మనిషి లోపల పొడిగా కూర్చుని ఉన్నాడు, బయటికి రాలేడు. ఈలోగా వెనక చక్రాలు ఇసుకలోకి దిగబడ్డాయి.

"ఏటండీ, ఏదోటి సెయ్యండి" అంది గౌరి. "కారుతోపాటు మావ ఎల్లిపోయేలా ఉన్నాడు."

ఒడ్డున ఉన్న తెప్ప పక్కన లంగరు రాయి పడి ఉంది. సూర్యప్రకాష్ దాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చాడు. "ఒద్దు బావా, అంత బాగా కుదిరింది" అని లోకనాథ్ అంటూనే ఉన్నాడు. ఎడమ లైటు మూడో దెబ్బకు పగిలి, మొత్తం ఊడి నీళ్ళలో పడింది. ఆ కన్నంలోంచి కుండ రాదు, చెయ్యి పడుతుంది. పొక్కులు చిట్లి ఉప్పునీళ్ళు మంట పెడుతుంటే, భుజం దాకా దూర్చి, చీకట్లో తడిమి, గుడ్డ ముడి విప్పాడు.

గుప్పెడు గుప్పెడుగా తండ్రిని బయటికి తీసి అలల్లో కలిపాడు. కొన్ని ఎముకలు మరీ చిన్నవి. డయాలసిస్ మంచం మీద తను పట్టుకుని కూర్చున్న చెయ్యి అతనికి గుర్తొచ్చింది. "రబ్బరు మార్పించాల్సింది నాన్నా" అన్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు, అన్నాళ్ళదీ ఒక్కసారే. మొహం ముందే వాచి ఉంది కనుక ఎవరూ తేడా కనిపెట్టలేదు. కుండ అడుగుదాకా తీశాక శరత్ చంద్ర తలూపి, కార్యం సవ్యంగా జరిగిందన్నాడు.

మత్స్యకారులు తాళ్ళేసి కారును ఒడ్డుకు లాగారు. ఇంజను మాత్రం పలకలేదు. ట్రాక్టరు వెనక కట్టించుకుని టెక్కలి దారి పట్టారు.

నౌపడా దగ్గర వాన అందుకుంది. ఎడమ లైటు కన్నంలోంచి డిక్కీలోకి నీళ్ళు ధారగా దిగసాగాయి, తడవడానికి ఈసారి అందులో ఎవరూ లేరు.