పన్నెండు మిల్లీమీటర్ల పంతం

1998లో ఆ సోమవారం పొద్దున గోపాలస్వామి అనుకున్నది చిన్న పనే: టిఫిన్ తిని, స్కూటరు మీద పుంగనూరు నుంచి మదనపల్లె ఆఫీసుకు పోవడం. శనివారం ఉగాది. ఆలోగా ఒక్కసారి బస్సెక్కినా స్కూటరు తోడల్లుడు బాలప్పకు ఇచ్చేస్తానని పదిమందిలో పందెం కట్టి ఉన్నాడు.

కిక్కు కొట్టగానే ఇంజను కిందికి వేలాడింది. దాన్ని బాడీకి పట్టి ఉంచే మూడు మిల్లీమీటర్ల ఇనప పట్టీ, తొమ్మిదేళ్లు పనిచేసి, విరిగిపోయింది.

వెల్డరు ముక్తియార్ అదే మందం పట్టీ తీశాడు. గోపాలస్వామికి నచ్చలేదు. దుప్పటి నుంచి శుభలేఖ దాకా ఆయనింట్లో మందమంటేనే మర్యాద.

"అదేందప్పా, అప్పడమా? ఆరుది ఎయ్యి."

"వొద్దు సార్. పల్చంది ఇంజనుతో పాటు రవ్వంత వంగుతాది. మందంది వంగదు. అదురంతా పోయి అతుకు అంచున పడతాది. ఆడే నెర్రె ఇస్తాది."

"మందం పెరిగితే బలం తగ్గుతాదా? బియస్సీ సదివినానప్పా నేను!"

"నేను సదవలేదు సార్. విరిగినవి అతికిస్తాండానంతే."

ఆరు మిల్లీమీటర్లది బుధవారం విరిగింది. గోపాలస్వామి తగ్గలేదు. పన్నెండు వేయించాడు.

శుక్రవారం ఊరు దాటి నాలుగు మైళ్లు పోయాక ఠప్పుమంది. ఇంజను రోడ్డు మీద కూర్చుంది. పట్టీ చెక్కుచెదరలేదు. అతుకు అంచు వెంబడి స్కూటరు బాడీయే చీలింది.

అంతలో మదనపల్లె బస్సు వచ్చి ఆగింది. కిటికీలోంచి బాలప్ప తల బయటికి పెట్టాడు.

"రా అన్నా, పక్కన సీటు ఖాళీగా ఉండాది. తాళంచెవి మాత్రం నా చేతిలో పెట్టు."

"ఎక్కుతారా లేదా సార్?" అన్నాడు కండక్టరు.

"నేనెక్కను. స్కూటరు ఎక్కుతాది. లగేజీ టిక్కెట్టు కొట్టప్పా."

నలుగురు కలిసి స్కూటరును, విడిగా ఇంజనును బస్సు టాపు మీదికి చేర్చి తాళ్లతో కట్టారు. కట్టినవాళ్లు కిందికి దిగాక గోపాలస్వామి బస్సు వెనక నిచ్చెన మీదుగా పైకి పోయాడు.

"అన్నా! అది బస్సెక్కినట్టే గదా!" బాలప్ప అరిచాడు.

గోపాలస్వామి స్కూటరు సీటు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నాడు.

"కండ్లు తెరిసి సూడు. నేను కూసునింది నా స్కూటరు మీద. అది యాడుంటే నీకేం?"

మదనపల్లె బస్టాండు మలుపులో ఆయన చెయ్యి చాచి సిగ్నలు కూడా ఇచ్చాడు.