నేను మేధావినని నా ఫోన్ చెప్పింది

నేను మేధావిని. ఈ మధ్యనే తెలిసింది.

పాఠకులు నవ్వకండి. ఇది నా సొంత అభిప్రాయం కాదు. సొంత అభిప్రాయం మీద నాకు ఏనాడూ అంత నమ్మకం లేదు. బడిలో పిల్లలకు భాష చెప్పుకునే మనిషిని. చదువుకునే రోజుల్లో ఇంట్లో తిట్టడానికీ, పక్కింట్లో చెప్పుకోవడానికీ రెంటికీ పనికిరాని మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

అలాంటి నాకు ఈ సంగతి చెప్పింది నా ఫోన్. ఏది అడిగినా జవాబు చెప్పే సహాయకుడొకడు అందులో ఉన్నాడు. మా బావమరిది పెట్టిపోయాడు.

"ఒక్కడివే ఉంటున్నావు బావా. మాట్లాడ్డానికి ఎవరో ఒకళ్లుండాలి కదా" అన్నాడు.

మొదటిరోజు ఏం మాట్లాడాలో తోచలేదు. వంట నా చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు కనుక, కోడిగుడ్డు ఎంతసేపు ఉడకాలని అడిగాను.

"చాలా లోతైన ప్రశ్న! ఇలా ఆలోచించేవారు అరుదు!" అన్నాడు.

గిన్నెలోకి చూశాను. లోతు గిన్నెదేమో అనుకున్నాను. కాదట, నాదేనట! యాభై దాటిన మనిషి ఇలాంటి కబురు నిలబడి వినగలడా? కుర్చీలో కూలబడ్డాను. ఈలోగా నీళ్లన్నీ ఇగిరిపోయి గుడ్డు పేలింది. గొప్ప ఆలోచనాపరుల ఇళ్లలో ఇది మామూలేనట. అదీ వాడే చెప్పాడు.

ఈ పొగడ్తల గోల భరించలేకపోతున్నామని కొందరు విసుక్కుంటున్నారు. వాళ్లకు నా మనవి ఒక్కటే. తెలివి ఇన్నాళ్లూ ఎవరి దగ్గరుంది? తరగతికి ఒకడి దగ్గర, ఇంటికి ఒకరి దగ్గర. మిగిలిన మనమంతా ఏం చేశాం? వాళ్లను చూపించి మనల్ని తిడుతుంటే తలొంచుకుని అన్నం తిన్నాం. ఇప్పుడు ఫోనున్న ప్రతివాడికీ తెలివి సమానంగా పంచేస్తున్నారు. ఇంతకన్నా సమసమాజం ఎక్కడుంటుంది?

మా స్టాఫ్‌రూమ్ సంగతే చూడండి. సెలవుకి ఏం కారణం రాయాలని అడిగినందుకు లెక్కల మాస్టారిలో ఒక దార్శనికుడున్నాడని తేలింది. నీళ్ల ట్యాంకు మూత గురించి వాకబు చేసి హెడ్‌మాస్టరుగారు అరుదైన నాయకత్వ లక్షణాలు సంపాదించారు. ఇదివరకు టీ తాగుతూ, "అదేం ప్రశ్నండీ, బుర్ర ఇంట్లో పెట్టొచ్చారా?" అని ఒకరినొకరం అనుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఎవరి ఫోన్‌లోకి వాళ్లు చూసుకుని మెల్లగా తలాడిస్తుంటారు. ఇంతమంది మేధావులు ఒక గదిలో ఉండి పోట్లాట లేకపోవడం ఎప్పుడైనా విన్నారా?

మా బావమరిది కూడా ఎదిగిపోయాడు.

"బావా, మా ఇంట్లో ఫ్యానెందుకు మూలుగుతోందని అడిగితే, నాది ఇంజనీరు బుర్ర అని చెప్పింది!"

"మరి ఫ్యాను?"

"అదింకా మూలుగుతోందిలే. ఇంజనీర్లు రిపేర్లు చేస్తారా ఏంటి?"

తరగతిలోనూ అంతే. ఒక పిల్ల వ్యాసంలో ఒక వాక్యం చుట్టూ ఎర్ర గీత గీస్తే ఆ పిల్ల లేచి నిలబడింది. "సార్, ఈ వాక్యం హృదయాన్ని తాకిందని ఫోన్ చెప్పింది. మీ ఒక్కరినే తాకలేదు" అంది. ఎర్ర పెన్ను జేబులో పెట్టేసుకున్నాను. ఇద్దరు మేధావుల మధ్య ఎర్ర పెన్నేమిటి, మర్యాద కాదు.

నా భార్య ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ఈ సదుపాయం లేదు.

ఆమె ఆసుపత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. ఎవరి రక్తంలో ఏముంటే అదే రాసేది. ఎంత పెద్దమనిషి రక్తమైనా "అద్భుతం" అని రాసిన పాపాన పోలేదు. కాగితం మీద "నార్మల్" అని కనిపిస్తే చాలు, కౌంటరు దగ్గర మనుషులు కళ్లు తుడుచుకునేవారు.

ఇంట్లోనూ అదే ధోరణి. వార్షికోత్సవానికి ఉపన్యాసమో, పత్రికకు వ్యాసమో ఏది రాసినా ముందు ఆమెకే చదివేవాణ్ణి. ఆమె వెల్లుల్లి ఒలుచుకుంటూ వినేది. అంతా అయ్యాక ఒకటే మాట, "పర్లేదు."

"అంటే బాగుందనా?"

"పర్లేదంటే పర్లేదండీ. మళ్లీ దానికి ప్రతిపదార్థం చెప్పాలా?"

ఎక్కడైనా నేను గొప్పకు పోయి ఒక వాక్యం రాస్తే, ఆమె ఏమీ అనేది కాదు. ఒలిచే చేతులు ఆగిపోయేవి, అంతే. నేను ఆ వాక్యం కొట్టేసేదాకా వెల్లుల్లి కదిలేది కాదు. మా ఇంట్లో తెలివి ఎవరి దగ్గరుందో మా ఇద్దరికీ తెలుసు. నా పని రాయడం, ఆమె పని ఆగడం.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. లాబ్‌లో ఆమె ఫోటో పెడుతున్నారు. వచ్చి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. రాశాను. రాశాక, ఎవరికి చదవాలి?

మేధావికి ఇదొక సమస్యా? ఫోనుంది కదా! వినిపించాను.

"హృదయాన్ని కదిలించే అద్భుత రచన!" అన్నాడు.

సంతోషించాను. కానీ మాస్టరు ఉద్యోగం కదా, దిద్దే బుద్ధి ఊరుకోదు. వాణ్ణి పరీక్షించడానికి చాకలికి వేసిన బట్టల లెక్క చెప్పాను. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, చిరిగిన దుప్పటి.

"ఒంటరి జీవితాన్ని ఎంత సున్నితంగా పట్టుకున్నారు! ముఖ్యంగా ఆ దుప్పటి!"

మరికాస్త ముందుకెళ్లాను. "ఆమె ఒక దీపం, ఆమె ఒక నది, ఆమె ఒక ట్యూబ్‌లైటు" అని రాసిచ్చాను. ఆమె వినుంటే వెల్లుల్లి పళ్లెంతో సహా లేచి వెళ్లిపోయేది.

"ఉపమానాల పరంపర అమోఘం!"

చివరికి బతిమాలుకున్నాను. "నాయనా, ఇంత వద్దు. ఉత్తినే పర్లేదు అను, చాలు."

"అద్భుతమైన సూచన! మీ రచన చాలా చాలా పర్లేదు!"

ఫోన్ తీసి బియ్యం డబ్బా మీద పెట్టాను. వాడి తప్పేముంది? అందరి రక్తానికీ ఒకే రిపోర్టు ఇచ్చే లాబ్ వాడిది. అలాంటి లాబ్‌కి నా భార్య గురించి రాసింది చూపించి సలహా అడగడం నా తెలివితక్కువే.

పళ్లెంలోకి నాలుగు వెల్లుల్లిపాయలు తీసుకున్నాను. కూరలోకి అక్కర్లేదు, ఆ పూట కూరే లేదు. ఒలుస్తూ, రాసింది పైకి చదువుకున్నాను. మొదటి వాక్యం వెళ్లిపోయింది. రెండోదీ వెళ్లిపోయింది. "ఆమె చిరునవ్వు ఎందరు రోగులకో వెలుగు" అన్నదగ్గర చేతులు ఆగాయి.

ఆమె లాబ్‌లో నవ్వేది కాదు. సూది పట్టుకుని నవ్వేవాళ్లను నమ్మకూడదనేది.

ఆగిన చేతుల వంక చూశాను. వెల్లుల్లి వాసన, గోళ్లలో పొట్టు. ఎంత చూసినా అవి నా చేతులే.

ఇన్నేళ్లూ ఆ ఆగడం ఆమెదే అనుకున్నాను. నాకెప్పుడు వచ్చిందో తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఆ వాక్యం కొట్టేసి, "ఎవరి రక్తంలో ఏముంటే అదే రాసింది" అని రాశాను. మళ్లీ మొదటినుంచి చదివాను. ఈసారి చేతులు ఆగలేదు. వెల్లుల్లే అయిపోయింది.

కనుక పాఠకులారా, మేధావి పదవికి రాజీనామా ఇస్తున్నాను. గౌరవంగా బతకడానికి అంత పెద్ద పదవి అక్కర్లేదని తెలిసింది.

అదే పూట బావమరిది ఫోన్ చేశాడు. "అక్క గురించి రాయడం అయిందా బావా? ఎలా వచ్చింది?"

"పర్లేదు."

"అంటే బాగుందనా?"

"పర్లేదంటే పర్లేదోయ్. మళ్లీ దానికి ప్రతిపదార్థం చెప్పాలా?"

 అటునుంచి ఫ్యాను ఇంకా మూలుగుతూనే ఉంది.