రెండు వాయిల ఉక్కు

అచ్చుల మేస్త్రి ఆ ఉదయానికి వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు. లేవగానే గుండీలు కొట్టే ఉక్కు అచ్చును వంటింటి ఓవెన్‌లో సన్నని వేడి మీద కాచడం, గుండీల కంపెనీ యజమాని ఇంటికి వచ్చేలోపు చల్లార్చి చేతిలో పెట్టడం. అంతే.

మొదటి కాల్పు కాగానే వర్క్‌షాపులో కొలిమి మొరాయించబట్టి ఈ తిప్పలు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, నిజమే. కానీ గాజులా పెళుసుబారుతుంది. మళ్ళీ సన్నగా కాచితేనే దెబ్బకు ఓర్చుకుంటుంది. ఆ కాపు ఇంకా పడలేదు. ఈలోపు అచ్చు బీటవారిందా, ఆర్డరు పోయినట్టే, వర్క్‌షాపుకు తాళం పడ్డట్టే. ఎవరి చెయ్యీ తగలకూడదని రాత్రే దాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఓవెన్‌లో పెట్టాడు. ఆ బెంగతో తెల్లవారేదాకా నిద్రపట్టక ఆలస్యంగా లేచాడు.

ఓవెన్ తలుపు తీస్తే ఖాళీ.

"అత్తయ్యా! ఇందులో ఉక్కుముక్క ఉండాలే?"

బిస్కెట్లు డబ్బాలో సర్దుతున్న అత్తగారు తలెత్తలేదు. "అదా? అడ్డంగా ఉందని మీ మావయ్యకిచ్చేశా."

మామగారు పేపరు దించలేదు. "వాషింగ్ మెషిన్ కుంటుతోందిగా, కాలి కింద పెట్టా. ఇప్పుడు చూడు, బండలా నిలబడింది."

మెట్ల పక్కన వరండాలో ఆ మెషిన్ అప్పుడే బట్టలు పిండడం మొదలుపెట్టింది. ఆ గడగడకి మేస్త్రి పైప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి స్విచ్ ఆపాడు. భార్య వచ్చి మళ్ళీ వేసింది. మళ్ళీ ఆపాడు.

"పగిలిందంటే మనం రోడ్డున పడతామే!"

"మెషినా? మొన్ననేగా కొన్నాం! నాన్నా, తొందరగా రండి!"

ముగ్గురూ కలిసి మెషిన్ ఎత్తారు. మామగారు తన ఊపులో కాస్త ఎక్కువే ఎత్తారు. మెషిన్ కాలు తగిలి అచ్చు జారింది, మెట్ల దారి పట్టింది. టంగు, టంగుమని ఒక్కో మెట్టూ దిగుతుంటే మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి అది గుండీల యజమాని బూట్ల దగ్గర ఆగి ఉంది. ఆయన వంగి తీసుకుని, భూతద్దంతో అంచులన్నీ వెతికాడు.

"గట్టిదనం అందరూ చూపిస్తారండీ. మెట్ల మీద దొర్లించి చూపించింది మీరొక్కరే! బీట లేదు, అంచైనా చెదరలేదు. ఎంతసేపు కాచారేమిటి?"

పైనుంచి అత్తగారే అందుకున్నారు. "రెండు వాయిల బిస్కెట్లు దాని పక్కనే కాల్చానండీ. మూడో వాయికి అడ్డొస్తోందని తీసి చల్లార్చా."

యజమాని ఏడాది ఆర్డరు ఖాయం చేసి వెళ్ళాడు. మేస్త్రి మెట్టు మీద కూలబడి ఒక బిస్కెట్ తిన్నాడు.

ఉక్కుకు రెండు వాయిల్లో ఓర్పు వచ్చింది గానీ, అల్లుడికి ఇంకా చాలా వాయిలు పడతాయనే అత్తగారి అంచనా.