కాస్త గట్టిగా చెప్పండి సార్

ఆ శనివారం ఉదయానికి అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటర్‌కు కొత్త కన్వర్టరు తగిలించి, హాల్లో ఉన్న స్పీకర్లకు కలిపి, తోడల్లుడికి ఒక్క పాట వినిపించాలి. విన్నాక తోడల్లుడు తన నోటితో తానే మెచ్చుకోవాలి. అంతే.

కన్వర్టరంటే అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా. కంప్యూటర్ తనంతట తాను చేసే శబ్దం నీళ్లు కలిపిన పాలలాంటిదనీ, ఈ డబ్బా గుండా వెళితే చిక్కబడుతుందనీ అతను కొన్నాళ్లుగా ఇంటిల్లిపాదికీ బోధిస్తున్నాడు. కంప్యూటర్ ఫ్యాను రొద కూడా వినపడకూడదని దాన్ని లోపలి గదిలోనే ఉంచి, తలుపు కింద నుంచి పొడవాటి వైరు హాల్లోని డబ్బాదాకా లాగాడు. ఇకమీదట ప్రతి శబ్దమూ ఆ డబ్బాకే పోవాలని, తెల్లవారగానే తన చేత్తోనే కంప్యూటర్‌కు ఆజ్ఞ ఇచ్చాడు.

అతనిది బీమా ఆఫీసులో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. అక్కడ అందరూ "పాము చెవులాయన" అనేవారు. అది బిరుదనే అతను అనుకున్నాడు. పక్క టేబులావిడ పెన్ను టకటకలు, టైపిస్టు ముక్కు ఎగబీల్పు, ఎదురుగా కూర్చునే ఆయన చెప్పుల కిర్రు, ఏదీ అతని చెవిని దాటిపోయేది కాదు. దేన్నీ చెప్పకుండా వదిలేవాడూ కాదు. చివరికి ఒకనాడు మేనేజరు పిలిచి, "మీరు ఇంటి నుంచే పనిచేసుకోండి" అన్నాడు. అతను ఇంటికొచ్చి, "నా పనికి ఏకాగ్రత కావాలని నాకొక్కడికే ఇచ్చారు" అని చెప్పాడు.

ఆ అబద్ధం చెప్పేటప్పుడు అతనికి సిగ్గు వేయలేదు. కానీ దాన్ని నమ్మి మామగారు నలుగురిలో గొప్పగా చెప్పుకుంటున్నప్పుడల్లా లోపలెక్కడో ఒక మేకు కదిలినట్టు చప్పుడయ్యేది. లోకంలోని చప్పుళ్లన్నిటిలోకీ ఆ ఒక్కదాన్నే విననట్టుండటం అలవాటు చేసుకున్నాడు. మళ్లీ ఆఫీసుకు రానివ్వమని మేనేజరును బతిమాలుతూ, ఇంట్లో మాత్రం, "నేను లేక అక్కడ పని నడవడం లేదట, రమ్మని ఒకటే గొడవ" అన్నాడు. మేనేజరు ఊ అంటే చాలు, అబద్ధం నిజంలో కలిసిపోతుంది.

మామగారినీ, మరదలినీ, తోడల్లుడినీ హాల్లో కొలతపెట్టినట్టు కూర్చోబెట్టాడు.

"మామయ్యగారూ, మీరు కొంచెం ఎడమకు."

"గోడ అడ్డొస్తోంది అల్లుడుగారూ."

"అయితే తల ఒక్కటి ఎడమకు వంచండి."

"ఊపిరి పీల్చుకోవచ్చా అన్నయ్యగారూ?" అన్నాడు తోడల్లుడు.

"నెమ్మదిగా."

వంటింటి గుమ్మంలోంచి భార్య, "నాకు లోపల పనుందండీ" అంది.

"గిన్నె చప్పుడు కాకూడదు."

"అయితే పనే లేదు" అని ఆమె కూడా వచ్చి కూర్చుంది.

అతను ఫ్యాను ఆపాడు. "ఏం వినిపించినా కదలొద్దు, మాట్లాడొద్దు. సోఫా కిర్రుమన్నా నాదం చెడుతుంది" అని హెచ్చరించి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

పాట పెట్టబోతుండగా తెరమీద మేనేజరు పిలుపు మెరిసింది. సంగతి తేలకుండా హాల్లోవాళ్ల చెవిన పడకూడదని, బయటి చప్పుడు చీమంత కూడా చొరబడని పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మేనేజరు ముఖం కనిపించింది. పెదాలు కదిలాయి. మాట మాత్రం లేదు.

"సార్, వినపడటం లేదు."

పెదాలు మళ్లీ కదిలాయి. అతను శబ్దం పెంచాడు.

"ఇంకా లేదు సార్. కాస్త గట్టిగా చెప్పండి."

మేనేజరు కఠినమైన మాటను కూడా మెత్తగా చెప్పే మనిషి. పాపం, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు. అతను శబ్దాన్ని చివరిదాకా పెంచేశాడు. కాళ్లకింద నేల అదిరింది.

"పైవాళ్లు బీరువాలు జరుపుతున్నట్టున్నారు సార్. ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పండి."

హాల్లో ఏం జరిగిందో అతనికి తర్వాత తెలిసింది. మొదటిసారి స్పీకర్లు, "మిమ్మల్ని పిలిపిద్దామని అడిగానండీ, స్టాఫ్ ఒప్పుకోవడం లేదు" అన్నాయి. కదలొద్దన్నాడని ఎవరూ కదలలేదు. "నాటకమా?" అని మరదలు గుసగుసలాడితే తోడల్లుడు పెదాలమీద వేలు పెట్టాడు. రెండోసారి, "మిమ్మల్ని ఇంటికి పంపిందే మీ పోరు పడలేక కదా" అన్నాయి. మూడోసారి కిటికీ అద్దాలు గలగలలాడాయి. నాలుగోసారి మాటలు విడివిడిగా వచ్చాయి. "మీరు... వస్తే... మేం... పోతాం... అంటున్నారు."

లోపల అతనికి నాలుగోసారి అడగడానికి సిగ్గేసింది. పాము చెవులవాడు వినపడలేదని ఎన్నిసార్లంటాడు? ఇంత కష్టపడి అరుస్తున్నాడంటే మంచిమాటే అయివుంటుందని మనసు సర్దిచెప్పింది. అతను చేతులు జోడించాడు.

"అంతా మీ అభిమానం సార్. సోమవారమే వచ్చేస్తాను."

మేనేజరు ముఖం కాగితంలా తెల్లబోయింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. భార్య వచ్చి అతని చెవిమీది హెడ్‌ఫోనును పక్కకు లాగింది. హాలంతా మేనేజరు గొంతు.

"రావద్దనే కదండీ మొత్తుకుంటున్నాను."

వైరు పీకేయాలని అతని చెయ్యి ముందుకు వెళ్లింది. పీకితే విన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. భార్య మైకు దగ్గరికి వంగింది.

"నమస్కారం సార్. నేను ఆయన భార్యని. మీరలా అంటే ఎలా? ఇక్కడ కుక్కరు కూత వేయడానికి భయపడుతోంది."

"మావాళ్లు రాజీనామా చేస్తామంటున్నారమ్మా" అంది హాలు.

"మీవాళ్లకు ఆ వీలైనా ఉంది సార్."

తర్వాత బేరం సాగింది. వారంలో సగం ఆఫీసు భరిస్తుంది, సగం ఇల్లు. శనివారం ఎవరిదన్న దగ్గర మాత్రం కొంత వాదన జరిగింది. అతను హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, రెండిళ్లవాళ్లూ సున్నం వేయని ఉమ్మడి గోడలా వాళ్ల మధ్య కూర్చున్నాడు.

తెర ఆరిపోయాక మెల్లగా అడిగాడు. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మీరు ఏకాగ్రత అన్న రోజు నుంచే. నేను మీతో కాపురం చేస్తున్నానండీ."

అతను హాల్లోకి వచ్చాడు. ఎవరూ అతని వంక చూడలేదు. కూర్చోబెట్టిన చోటే, కూర్చోబెట్టినట్టే ఉన్నారు. మామగారి తల ఇంకా ఎడమకే వంగి ఉంది. తన మాటను వాళ్లు ఇంత శ్రద్ధగా పాటించడం అతనికి ఆ క్షణంలో అన్నిటికన్నా దుర్భరంగా తోచింది.

"ఇక కదలొచ్చు" అన్నాడు నేలచూపులు చూస్తూ.

మామగారు మెడ సవరించుకుని, గోడమీది క్యాలెండరును చదవసాగారు. తోడల్లుడు లేచి, నల్లడబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మళ్లీ అక్కడే పెట్టాడు. అతని గొంతులో వెటకారం లేదు.

"మంచి వస్తువే అన్నయ్యగారూ. ఒక్క అక్షరం పోలేదు."

తోడల్లుడు అతని ఎంపికను మెచ్చుకోవడం అదే మొదటిసారి.