దారి మళ్లించిన కొండలయ్య

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. దేశ రక్షణ సంగతి, గట్టిగా చెప్పేది కాదు.

సరిహద్దులో కాల్పులు మొదలైన వారంలో, ఆత్మకూరుకు ఆవల ఉన్న చింతలమిట్ట గ్రామం శత్రువును ఏమార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. సరిహద్దు అక్కడికి ఎంత దూరమని ఎవరూ అడగలేదు. తీర్మానం పెట్టినవాడు పెంచలయ్య. ఇరవై ఏళ్లు మిలిటరీ వంటశాలలో చపాతీలు కాల్చి వచ్చినవాడు కాబట్టి ఊళ్లో యుద్ధ వ్యూహాలన్నీ ఆయనవే.

మొదట ఊరి బోర్డుకు తారు పూశారు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. మన వైపు బోర్డు చదివి ఊరికి వచ్చిందెవరు? ఫోనులో మ్యాపు పెట్టుకున్న డ్రైవరు కూడా కిటికీలోంచి తల బయటపెట్టి అడిగితేనే కదా బండి కదిలేది! అందుచేత రెండో తీర్మానం చేశారు. దారి అడిగిన ప్రతి కొత్త మనిషికీ తప్పుదారే చెప్పవలెను. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ప్రతులు వాట్సాప్‌లో వెళ్లాయి.

అనుమసముద్రంపేట మలుపులో టీ అంగడి పెట్టుకున్న చాంద్‌బీ ఒక్కతే ఎదురు తిరిగింది. "దర్గాకొచ్చే బిడ్డలకు అబద్ధం చెప్పేదానికి నాకు నోరెట్టొస్తాది పెంచలయ్యా?"

"నోటితో చెప్పొద్దులే అక్కా. చెయ్యి ఊపు, చాలు."

ఊరికి తిరిగే కూడలి కాపలా రైతు కొండలయ్యకు పడింది. అతని నిమ్మతోట ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఆరు రోజులైంది. బోరు ఆడక, మే నెల ఎండకు పిందె రాలుతోంది. అయినా తోటను వదిలి దేశం కోసం నిలబడ్డాడు.

గురువారం పొద్దున ఒక లారీ ఆగింది. పట్ట కింద ఏదో లావుపాటి ఇనుప సామాను.

"పెద్దాయనా, చింతలమిట్ట ఎటు?"

కొండలయ్య లారీని ఎగాదిగా చూశాడు. శత్రువుకు ఊరి పేరు కూడా తెలిసిపోయింది! "చేజర్ల మీద పో నాయనా, తిన్నగా పోతానే ఉండు," అని చల్లని మజ్జిగ తాపి మరీ పంపాడు. మర్యాద మీద తీర్మానంలో నిషేధం లేదు.

చేజర్ల దేశభక్తులు లారీని ఉదయగిరికి పంపారు. ఉదయగిరి దేశభక్తులు ఇంకెటో పంపారు. ఆ సాయంత్రం చింతలమిట్టలో సన్మాన సభ జరిగింది. "శత్రువు ఫిరంగిని ఒంటిచేత్తో చేజర్లకు మళ్లించిన మహావీరుడు!" అని పెంచలయ్య ప్రసంగించాడు. చేజర్ల వాళ్లేం పాపం చేశారని సభలో ఎవరికీ తోచలేదు.

వారాంతానికి కాల్పులు ఆగాయి. సోమవారం కొండలయ్య కరెంటాఫీసుకు పోయాడు.

"మీ ట్రాన్స్‌ఫార్మర్ గురువారమే లారీలో పంపినాం గదా," అన్నాడు గుమస్తా. "ఎవడో మీసాలాయన మజ్జిగిచ్చి మరీ చేజర్లకు తోలినాడంట. మూడు దినాలు తిరిగి బండి వాపసొచ్చేసింది."

కొండలయ్య మీసం మీదికి తువ్వాలు లాక్కున్నాడు. "ఇప్పుడేడుండాది సార్? చెట్లు ఎండిపోతా ఉండాయి."

"పక్క టేబుల్లో అడుగు."

పక్క టేబుల్ అతన్ని మేడ మీదికి పంపింది. మేడ స్టోర్సుకు పంపింది. స్టోర్సు సంతకానికి పంపింది. సంతకం పెట్టాల్సిన వారు మొదటి టేబుల్‌కే పంపారు. ఎవరి ముఖంలోనూ తొట్రుపాటు లేదు. చింతలమిట్ట వాళ్లు తీర్మానం చేసుకుని, వారం తిప్పలు పడి నేర్చుకున్న విద్య ఇక్కడ ఏ తీర్మానమూ లేకుండానే ఏళ్లుగా నడుస్తోంది. కొండలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, సగం తోట కోసం, సగం గౌరవంతో. ఇంతకీ శత్రువెవరో కూడా ఆ రోజే అతనికి తేలిపోయింది. దారి అడిగినవాడే.

ఈ సంగతి మరిచిపోకండి, పదిమందికీ చెప్పండి. చెప్పేటప్పుడు మీ టేబుల్ ముందు ఎవరైనా కాగితం పట్టుకుని నిలబడి ఉంటే మాత్రం, ముందు వాళ్లను పక్క గదికి పంపేసి, తీరిగ్గా చెప్పండి.