జంపఖానా బ్యాంకు

కొత్తవాడలో సారంగపాణి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. స్కీముల సారంగం అంటే మాత్రం పాల ప్యాకెట్లు వేసే మనిషి కూడా బండి మీద ఎక్కించుకుని వాకిట్లో దింపి వెళతాడు. జంపఖానాలు నేయించి అమ్మడం అతని వృత్తి. స్కీములు వేయడం అతని సరదా. వృత్తిలో వచ్చిందంతా సరదాలో పోతుంది.

ఐదేళ్ల కింద కంజు పిట్టల ఫారం పెట్టాడు. గుడ్లు, మాంసం, లక్షలు అన్నాడు. వల మాత్రం చవకలో దొరికిందని పాతది కట్టాడు. నూట యాభై పిట్టలూ ఒకే రోజు పొద్దున్నే వెళ్లిపోయాయి. ఆ మధ్యాహ్నమే అతని భార్య పద్మలత ఒక కాగితం తెచ్చి ముందు పెట్టింది. "సంతకం చెయ్" అంది. చేశాడు. బ్యాంకు ఖాతాకు అతని ఫోన్ నంబరు పోయి ఆమె నంబరు వచ్చింది.

అప్పటి నుంచి సారంగపాణి ఏటీఎంలో డబ్బు తీసి జేబులో పెట్టుకునే లోపలే ఇంటి నుంచి ఫోన్ మోగేది.

"ఐదు నూర్లు తీసినవట?"

"నీకెట్ల తెలుసే?"

"బ్యాంకోడు మెసేజ్ పెట్టిండు. ఎందుకు?"

"పెట్రోల్‌కు."

"మొన్న కొట్టిచ్చిన పెట్రోల్ తాగినవా?"

ఇలాంటి ఇంట్లో మగవాడికి నగదు ఒక్కటే దిక్కు.

అయినా సారంగపాణికి ఇప్పుడు పెద్ద మొత్తంలో నగదు ఎందుకు కావలసి వచ్చిందంటే, దానికి కారణం అతని షడ్డకుడు భానుచందర్. పద్మలత చెల్లెలి మొగుడు. నెక్కొండలో ఎరువుల దుకాణం. ఆర్నెల్లకో కొత్త ఫోను కొంటాడు, కొన్నది చాలక చూపిస్తాడు. పోయినేడు చుట్టాల పెళ్లిలో సారంగపాణి అందరినీ నిలబెట్టి ఫొటో తీయబోతే, "వద్దన్నా, నీ ఫోన్ల దిగితే మేము దయ్యాల లెక్క వస్తం" అన్నాడు. బంతి భోజనంలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. సారంగపాణికి ఆ పూట లడ్డూ కూడా చేదుగా అనిపించింది.

వచ్చే నెల భానుచందర్ కొత్త ఇంటి గృహప్రవేశం. ఈ మధ్యే మార్కెట్లోకి మడతపెట్టే ఫోను ఒకటి దిగింది. ఊళ్లో దొరకడమే గగనం. దాన్ని నెక్కొండలో, నలుగురి ముందు, జేబులోంచి తీసి టపీమని విప్పాలి. సారంగపాణి జీవితానికి ఇప్పుడు అదొక్కటే లక్ష్యం.

భానుచందర్‌ను మించిన ఫోను కొనాలని ఆ పెళ్లి నాటి నుంచే, ఏడాదిగా, ప్రతి ఆదివారం చిన్న సైజు జంపఖానాలు స్కూటర్ మీద వేసుకుని ఖిలా వరంగల్ వెళ్లి, కోట చూడ్డానికి వచ్చినవాళ్లకు అమ్మాడు. వచ్చిన నోట్లను ఒక పెద్ద జంపఖానాలో చుట్టి బీరువా పైన పెట్టాడు. "అది ఆర్డర్ మాల్, ముట్టకు" అని పద్మలతకు చెప్పాడు. ముట్టను అని ఆమె అంది. పైన దుమ్ము కూడా పడనంత బాగా ముట్టుకోలేదు. ఆ సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

ఆ ఏడాది మొదట్లోనే ఒకనాడు పద్మలత ఫోను నల్లా దగ్గర రాళ్ల మీద పడి అద్దం పగిలింది. కొత్తది కొనిపెట్టమని అడిగింది. "కాల్ వస్తాంది గద, చాలు. ఇంట్లుండెటోళ్లకు కొత్తదెందుకు?" అన్నాడు సారంగపాణి. ఆమె మళ్లీ అడగలేదు. అడగకపోతే మరిచిపోయిందనుకోవడం అతని అలవాటు.

తన లెక్కకు నోట్లు ఎనభై ఒక్క వేల ఐదు వందలు అయిన రోజున, వాటిని నూలు దారంతో కట్టి, చొక్కా లోపల దోపుకుని, పక్కింటి కుమారస్వామిని వెంటేసుకుని హనుమకొండలో ఒక పెద్ద ఫోన్ల దుకాణానికి వెళ్లాడు. కౌంటర్లో స్రవంతి అనే అమ్మాయి ఉంది. ధర తొంభై ఒక్క వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

సారంగపాణి కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "రొక్కం. ఎంత తగ్గిస్తవ్ చెప్పు."

"ఈ మోడల్‌కు క్యాష్ తీస్కోం సార్."

"ముందుగాల గట్లనే అంటరు. గిరాకీ ఎక్కువుంటే మా కొత్తవాడల మేము గూడ బెట్టు చేస్తం. ఎంత తగ్గిస్తవ్?"

"సార్, నిజంగనే తీస్కోం. గా బోర్డు చూడుండ్రి."

బోర్డు మీద పెద్దక్షరాలతో ఉంది. బ్రోకర్లు సంచుల్లో నోట్లు తెచ్చి ఇరవై ఇరవై ఫోన్లు కొని, బయట ఎక్కువ ధరకు అమ్ముకుంటున్నారట. అందుకని ఈ ఒక్క మోడల్‌కు నగదు లేదు. దుకాణంలోని ట్యాబ్‌లో బుక్ చేయాలి, సొంత కార్డు నంబరే కొట్టాలి, బ్యాంకు పంపిన ఓటీపీ చెప్పాలి. మనిషికి ఒకటే.

"ఇవి మంచి నోట్లే బిడ్డా. ఎలుగుకు వెట్టి చూడు."

"మంచియే సార్. మంచియైనా తీస్కోం."

జీవితంలో మొదటిసారి సారంగపాణి దగ్గర డబ్బుండి, అది పనికిరాకుండా పోయింది. లేకుండా ఇబ్బంది పడటం అతనికి అలవాటే గానీ, ఉండి పడటం కొత్త. వరుసలో నిలబడినవాళ్ల దగ్గరికి వెళ్లి, "అన్నా, నీ కార్డు గీకు, నోట్లు నేనిస్త" అని ఒక్కొక్కరినీ అడిగాడు. నాలుగో మనిషి దగ్గరికి వెళ్లేసరికి సెక్యూరిటీ మనిషి వచ్చి అతని జబ్బ పట్టుకున్నాడు.

"బ్రోకర్లకు ఎంట్రీ లేదు. నడువ్."

"నేను బ్రోకర్‌ను కాదయ్యా, జంపఖానలోణ్ణి!"

"ఏ ఖానా అయినా బయటనే."

బయట చాయ్ తాగుతూ కుమారస్వామి ఆలోచించాడు. "గంత ఫికరెందుకురా? మిషన్ల పైసలెయ్యి, కార్డుతోని కొను."

"వేసిన నిమిషంలనే మెసేజ్ పద్మకు పోతది. కొంటే ఓటీపీ గూడ ఆమెకే పోతది."

"మరి ఆ ఫోన్ నీ జేబుల ఉంటే?"

సారంగపాణి చాయ్ గ్లాసు కింద పెట్టి మిత్రుణ్ణి కావలించుకున్నాడు. అరగంటలో ఇంట్లో ఉన్నాడు. పద్మలత బియ్యం ఏరుతోంది.

"పద్మా, నీ ఫోన్ ఇటియ్యి. అద్దం ఏపిస్త."

"పొద్దెటు పొడిసింది ఇయ్యాల?"

"పగిలిన అద్దంల చూస్తే కండ్లు ఖరాబైతయే."

"యాడాది సంది కాలేదా?"

"ఇస్తవా, ఇయ్యవా?"

"ఇయ్యక? తీస్కపో. జర పైలం. పనివడితే రాజక్క ఫోన్‌కు చెయ్యి, నేను ఆడనే ఉంట."

రాజక్క అంటే కుమారస్వామి భార్య. ఇంత సులువుగా ఫోను చేతికి రావడం సారంగపాణిని కాస్త కంగారు పెట్టాలి. పెట్టలేదు. స్కీము పారుతున్నప్పుడు అతనికి ఈలపాట తప్ప ఇంకేమీ గుర్తుండదు.

డబ్బు జమ చేసే మిషన్ నోట్లను గరగరమని లోపలికి లాగి లెక్క చూపించింది. ఎనభై తొమ్మిది వేల ఐదు వందలు.

"ఎనిమిది వేలు ఎక్కువొచ్చినయేందిరా?" అన్నాడు కుమారస్వామి.

"నా చేతి బరకత్!" అన్నాడు సారంగపాణి. జేబులో పద్మలత ఫోను టింగుమంది. ఐదేళ్లలో మొదటిసారి మెసేజ్ వచ్చింది, వెనకాల ఆమె ప్రశ్న రాలేదు. అతనికి గాల్లో తేలినట్టయింది.

సెక్యూరిటీ మనిషికి కార్డు చూపించి మళ్లీ దుకాణంలో అడుగు పెట్టాడు. తన పాత ఫోనులోంచి సిమ్ము తీసుకుని, ఫోనును మార్పిడి కింద ఇచ్చేశాడు. రెండు వేల ఐదు వందలు తగ్గి, ధర ఎనభై తొమ్మిది వేల నాలుగు వందల తొంభై తొమ్మిదికి దిగింది. మిగిలినవి రెండే ఫోన్లు. ఒకటి నల్లది, ఇంకొకటి లేత ఊదా. "నల్లది" అన్నాడు సారంగపాణి ఠీవిగా. స్రవంతి కార్డు నంబరు కొట్టింది. పద్మలత ఫోను టింగుమంది.

"ఓటీపీ చెప్పుండ్రి సార్."

సారంగపాణి ఫోను తీశాడు. తెర మీద తాళం బొమ్మ. నంబరు కొట్టమంది.

అప్పటిదాకా అతనికి తట్టని విషయం అదే. ఇంటి నంబరు కొట్టాడు. కాదంది. కూతురు పుట్టిన సంవత్సరం కొట్టాడు. కాదంది. వరుసలో ఉన్నవాళ్లు కూడా పనిలోకి దిగారు.

"పెండ్లి తారీకు కొట్టుండ్రి అంకుల్."

"యాదికుంటే కొట్టనా!"

"ఒకటి రెండు మూడు నాలుగు కొట్టు, మా ఇంట్ల గదే" అన్నాడు సెక్యూరిటీ మనిషి. అదీ కాదంది. ఇంకోసారి తప్పు కొట్టేసరికి ఫోను అలిగి అరనిమిషం ఆగమంది. ఈలోగా ఓటీపీ గడువు అయిపోయింది.

"ఇంకొక్కసారే పంపిస్త సార్. ఎనక లైన్ల మస్తుమంది ఉన్నరు. ఇది గూడ పోతే నేనేం చెయ్యలేను."

పాత ఫోను పోయింది, కొత్తది రాలేదు, నెక్కొండలో భానుచందర్ పళ్లన్నీ కళ్ల ముందు కనిపిస్తున్నాయి. సారంగపాణికి నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. "రాజక్కకు కొట్టురా" అన్నాడు. కుమారస్వామి ఫోనులో చెవి దగ్గర మాట వినపడదు, స్పీకర్ ఒక్కటే పనిచేస్తుంది. కనుక తర్వాతి సంభాషణ దుకాణమంతా విన్నది.

"ఏందయ్యా, అద్దం ఏసుడు అయిందా?" అంది పద్మలత.

"అయితాంది. లాక్ నంబర్ ఎంతనే?"

"అద్దమేసెటోనికి లాకెందుకు?"

"అద్దం నడుస్తాందో లేదో లోపటికెల్లి చూడాల్నట."

"గట్లనా? అయితే రాసుకో. గిప్పుడు మిషన్ల ఏసినవ్ గద, ఎంతొచ్చినయ్?"

సారంగపాణి ఫోనును దగ్గరికి లాక్కున్నాడు. "ఏ మిషన్?"

"జంపఖానల పైసలు ఏసిన మిషన్. ఎంత?"

"ఎనభై తొమ్మిది వేల ఐదు నూర్లు."

"గదే నంబర్. ఎనిమిది, తొమ్మిది, ఐదు, సున్న, సున్న."

కొట్టాడు. ఫోను బుద్ధిగా తెరుచుకుంది. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నువ్వు పెట్టినయ్ ఎనభై ఒక్క వేల ఐదు నూర్లే గద. మిగిలినయ్ ఎట్లొచ్చినయ్ అనుకున్నవ్?"

"నా చేతి బరకత్ అనుకున్న."

"నీ చేతి బరకత్ కంజు పిట్టలప్పుడే చూసిన. అవి నేను జంపఖానలకు అంచులు కుట్టిన పైసలు, నీ నోట్లల్ల కలిపిన. నీ ఫోన్ ముచ్చట రాజక్క చెప్పంగనే, నెల కింద నేను గూడ ఆ దుకాణం పోయిన. క్యాష్ నడువదు, ఓటీపీ లేకుంటే ఇయ్యం అన్నది ఆ పిల్ల. ఇగ నువ్వు ఏడ తిరిగినా నా ఫోన్ కాడికే వస్తవని ఊకున్న. బిడ్డా స్రవంతీ, మంచిగున్నవా?"

"మంచిగున్న ఆంటీ" అంది స్రవంతి, సారంగపాణి వైపు చూడకుండా.

"ఇంకోటి చెప్త ఇను. నల్లది తీస్కోకు. నాకు లేత ఊదానే నచ్చింది."

"నీకా?" అన్నాడు సారంగపాణి. ఆ ఒక్క మాటలో అతని ఏడాది ఆదివారాలన్నీ ఉన్నాయి.

"మరెవలకు? కండ్లు ఖరాబైతయని నువ్వే అంటివి గద?"

స్రవంతి రెండో ఓటీపీ పంపింది. అది సారంగపాణి చేతిలోనే ఉంది. ఫోను కట్ చేసి, నంబరు చెప్పేసి, నల్లది పట్టుకుని వెళ్లిపోతే ఆపేవాళ్లు లేరు. ఆ ఆలోచన వచ్చింది కూడా. నంబరు చదవబోయాడు. పగుళ్ల కింద నాలుగో అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. అయినా తెలియలేదు.

"పద్మా, ఇది మూడా, ఎనిమిదా?"

"గా మూల ఎప్పుడు గట్లనే ఉంటది. ఫోన్ జర వంకర పెట్టి, ఎలుగు దిక్కు తిరిగి చూడు. నేను గట్లనే చూస్త."

అతను ఫోను వంకర పెట్టాడు. వెలుగు వైపు తిరిగాడు. మూడు. ఏడాదిగా ఆమె ప్రతి అక్షరాన్నీ ఇలా మెడ తిప్పుకుని చదువుతోందని అప్పుడు అర్థమైంది. సారంగపాణికి సిగ్గేసింది. కంజు పిట్టలు పోయినప్పుడు కూడా అంత సిగ్గు వేయలేదు.

"లేత ఊదానే ఇయ్యి బిడ్డా" అన్నాడు. వరుసలోని ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సెక్యూరిటీ మనిషి తలుపు తెరిచి పట్టుకుని సలాం కూడా కొట్టాడు.

నెక్కొండలో గృహప్రవేశం బాగా జరిగింది. సత్యనారాయణ వ్రతం అయ్యాక భానుచందర్ అలవాటుగా తన ఫోను తీశాడు. పద్మలత సంచిలోంచి లేత ఊదా ఫోను తీసి టపీమని విప్పింది. వాకిట్లో ఉన్న జనమంతా ఇటు జరిగారు. భానుచందర్ తన ఫోనును మెల్లగా జేబులోకి జార్చుకున్నాడు.

"మా బావ కొనిచ్చిండా అక్కా?" అంది పద్మలత చెల్లెలు. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "చూసినవా? నేర్చుకో. ఎంతసేపు నీకే కొనుక్కుంటవ్."

సారంగపాణి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కాసేపటికి భానుచందర్ అతణ్ణి పక్కకు లాక్కెళ్లాడు.

"ఏందన్నా, నన్ను గిట్ల ఇరికిస్తివి? ఇగ ఈమెకు గూడ కొనకపోతే ఇంట్ల ఉండనియ్యది. ఏడ దొరికిందే? క్యాష్ పట్కపోతే ఏమన్న తగ్గిస్తరా?"

సారంగపాణి ఒక్క క్షణం ఆలోచించాడు. "మస్తు తగ్గిస్తరు తమ్మీ. మంచి నోట్లు పట్కపో. సెక్యూరిటీ ఆయనకు నా పేరు చెప్పు" అన్నాడు.

అంతలో పద్మలత కేకేసింది. "రాండ్రి, అందరు నిలవడుండ్రి, ఫొటో తీస్త. ఏమయ్యా, నీ దాంట్ల గూడ ఒకటి తీసుకో."

సారంగపాణి జేబులోంచి తన ఫోను తీశాడు. అది ఇప్పుడు పద్మలత పాత ఫోనే. తెరలో భానుచందర్ నాలుగు ముక్కలుగా, అతని కొత్త ఇల్లు ఆరు ముక్కలుగా కనిపించాయి.

"దీంట్ల ఏం కనవడుతలేదే. దీనికి అద్దమన్న ఏపిద్దామా?" అన్నాడు గొంతు తగ్గించి.

పద్మలత లేత ఊదా ఫోనులోంచి తల ఎత్తకుండానే అంది.

"కాల్ వస్తాంది గద, చాలు."